శేషాచలం నీడలో – 9: ఈటె దిగని వేట

కనుమ నాడు తిరుమలలో మలయప్పస్వామి వేటకు బయల్దేరతాడు. పాపవినాశనం పోయే దారిలో, అడవి అంచున పార్వేట మండపం ఉంది. స్వామి ఊరేగింపుగా అక్కడికి చేరతాడు, వెంట శ్రీకృష్ణస్వామి కూడా వస్తాడు. పూజలూ నివేదనలూ అయ్యాక గొల్లలు పాలూ వెన్నా సమర్పిస్తారు. అసలు ఘట్టం ఆ తర్వాతే. స్వామి తరఫున అర్చకుడు ఈటె పట్టుకుని ముందుకు పరుగు తీసి విసురుతాడు. అలా మూడుసార్లు. ప్రతిసారీ గోవింద నామంతో కొండ మారుమోగుతుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా మేనమామ భుజాల మీద కూర్చుని ఈ వేట చూశాను. ఈటె గాల్లోకి లేచింది, గడ్డిలో పడింది. గడ్డి కదలడం తప్ప నాకేమీ కనిపించలేదు.

"మామా, సామికి ఏం దొరికింది?"

"ఏమీ దొరకదు నైనా. ఈ వేటలో ఏదీ చావదు."

ఆ జవాబు నాకు రుచించలేదు. వేటంటే అడవిపందో, కణితో పడాలి గదా, ఊళ్లోవాళ్లు దాన్ని మోసుకు రావాలి గదా అనుకున్నాను. ఈ ధారావాహిక కోసం శేషాచలం చుట్టూ తిరుగుతుంటే మామ చెప్పిన ఆ మాట పదేపదే గుర్తొస్తోంది. పోయిన వారం మనం చంద్రగిరి రాజమహల్ దగ్గర ఆగాం. ఈ వారం అక్కడి నుంచి తిరుపతి వైపు నడుద్దాం. శ్రీనివాసమంగాపురం దాటాక, కొండ కింద ఎడమచేతి పక్కన అడవి, అడవి చుట్టూ కంచె కనిపిస్తాయి. అదే శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల, మన నోళ్లలో ఎస్వీ జూపార్కు. ఈ కంచె లోపలి నేల కథ కంచె కంటే ఎంతో పాతది. ఆ కథ నిండా వేటే.

ఈ సీమలో వేట కథ దేవుళ్లతోనే మొదలవుతుంది. వేంకటాచల మాహాత్మ్యం చెప్పే కథలో శ్రీనివాసుడు వేటకు పోయి, ఏనుగును తరుముతూ నారాయణవనం ఉద్యానంలోకి వస్తాడు. అక్కడ పూలు కోస్తున్న పద్మావతి కనిపిస్తుంది. ఏనుగు సంగతి కథ మరిచిపోతుంది, మనమూ మరిచిపోతాం. పెళ్లయ్యాక కొత్త దంపతులు ఆరు నెలలు కొండెక్కకుండా అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నారనీ, ఆ చోటే శ్రీనివాసమంగాపురమనీ ఇక్కడి నమ్మకం. మంగాపురం కల్యాణ వేంకటేశ్వరుడికి కూడా పార్వేట ఉత్సవం ఉంది. అది శ్రీవారిమెట్టు దగ్గర, అంటే ఇప్పటి జూకు దగ్గర్లోనే జరుగుతుంది.

ఇటు శ్రీకాళహస్తికి పోతే అక్కడ దేవుడు వేటగాడు కాదు, వేటగాడికి లొంగిపోయినవాడు. బోయల ఇంట పుట్టిన తిన్నడు తాను కొట్టిన మాంసాన్ని శివలింగానికి పెట్టాడు. ఆ లింగం కంట నెత్తురు కారుతుంటే తన కన్ను పెకలించి ఇచ్చి, రెండోదీ ఇవ్వబోయాడు. కృష్ణదేవరాయల కాలపు కవి ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఈ కథను చెబుతూ, తిన్నడి వేటకు పెద్ద చోటే ఇచ్చాడు. వలలు, కుక్కలు, దండుగా కదిలే బోయలు, పొదలు కొట్టి జంతువులను లేపడం, అన్నీ అందులో కనిపిస్తాయి. అల్లసాని పెద్దన మనుచరిత్రలోనూ స్వరోచి వేట ఉంది. ప్రబంధానికి వేట వర్ణన ఒక అంగమే. కానీ ధూర్జటి వేట చదువుతుంటే అలంకారశాస్త్రం అడిగింది కాబట్టి రాసినట్టు అనిపించదు నాకు. ఆ కొండల కింద తిరిగినవాడి చూపు అందులో ఉంది.

తిరుపతికి, కాళహస్తికి మధ్య పాతిక మైళ్లు కూడా లేవు. ఒక గుడిలో దేవుడే వేటగాడు, ఇంకో గుడిలో వేటగాడే దేవుడి కంటే ముందు పూజ అందుకునే భక్తుడు. మన సీమలో వేటను ఒట్టి వినోదంగా చూడలేం. అడవిలో అనుకోని ఎదురుపాటు ఒకటి జరుగుతుంది, దాంతో మనిషి మారిపోతాడు. కథలన్నీ ఆ ఎదురుపాటు చుట్టూనే అల్లుకున్నాయి.

ఇక రాజుల సంగతి. విజయనగర ప్రభువుల్లో రెండో దేవరాయలకు, మనం ప్రౌఢదేవరాయలు అనేవాడికి, 'గజబేంటకార' అనే బిరుదు ఉంది. ఏనుగుల వేటగాడని అర్థం. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ల మీద వేట దృశ్యాలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. రాజుకు వేట అంటే సైన్యానికి సాధన, గుర్రాలకు వ్యాయామం, అడవి దారుల మీద పట్టు, దూరపు ఊళ్లకు తన ముఖం చూపించుకునే అవకాశం. సాళువ నరసింహుడు ఏలిన చంద్రగిరికీ, అచ్యుతదేవరాయలు రాజ్యం చేతికొచ్చేదాకా గడిపిన చంద్రగిరికీ, 1592 ప్రాంతంలో వేంకటపతిరాయలు రాజధాని చేసుకున్న చంద్రగిరికీ వెనక నిలిచింది ఈ అడవే. కోటకు అదే కాపు, కట్టెకూ కలపకూ అదే ఆధారం. శ్రీవారిమెట్టు దారిన రాజులు కొండెక్కేవారంటే, ఈ నేల మీదుగానే పోయేవారన్నమాట.

ఇక్కడ కాసేపు సముద్రాలు దాటి చూడాలి. ఐరోపా రాజులు వేట కోసం అడవి చుట్టూ గోడలు కట్టించేవారు. లోపల జింకలను పెంచేవారు. బయటివాడు ఒక కుందేలును పట్టినా శిక్ష తప్పేది కాదు. డబ్లిన్‌లో 1662లో మొదలైన ఫీనిక్స్ పార్కు అలాంటి రాజుగారి జింకల వనమే. పద్దెనిమిదో శతాబ్దంలో దాని తలుపులు జనానికి తెరుచుకున్నాయి, 1831లో అందులోనే జూ వచ్చింది. ఆనాటి జింకల సంతతి ఈనాటికీ అక్కడ మేస్తూనే ఉంది. బెర్లిన్‌లో టీర్‌గార్టెన్ అనే మాటకు అర్థమే జంతువుల తోట. 1742లో రెండో ఫ్రెడరిక్ దాన్ని వేట నుంచి తప్పించి జనం తిరిగే తోటగా మార్చమన్నాడు. 1844లో దాని పక్కన జర్మనీలో మొదటి జూ తెరిచారు. మన హైదరాబాదులో కూడా ఇలాంటి కథ ఉంది. నిజాం షికారు చేసిన నేల 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. ఒకప్పుడు తుపాకీ గురి చూసిన కృష్ణజింకలను ఇప్పుడు బడిపిల్లలు చూస్తున్నారు.

చంద్రగిరి అడవికి అలాంటి గోడ లేదు. కొండే గోడ. పైన దేవుడున్నాడు కాబట్టి ఆ కొండ ఏ ఒక్క రాజుదీ కాలేదు. యాత్రికుడు, కట్టెలవాడు, గొల్లవాడు, యానాది, సైనికుడు, అందరూ ఆ దారుల్లోనే తిరిగారు. అసలు గోడ తర్వాత వచ్చింది. దాన్ని రాయితో కట్టలేదు, కాగితంతో కట్టారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని కొలిచి, హద్దురాళ్లు పాతి, రిజర్వు అని పేరు పెట్టారు. లోపలికి పశువులు తోలినా, ఉచ్చు పన్నినా, కట్టె కొట్టినా అనుమతి లేకపోతే నేరమే. చట్టం వల్ల అడవి కొంత మిగిలిన మాట వాస్తవం. ఆ రోజుల్లో రైళ్లకూ పట్నాలకూ కట్టెల ఆకలి ఎంతటిదో తెలిసినవారెవరూ దాన్ని కాదనలేరు. కానీ ఆ హద్దురాళ్ల వల్ల ఎవరికి ఏం పోయిందో కూడా చరిత్ర రాసేవాడు చెప్పాలి. తేనె దింపి, దుంపలు తవ్వి, ఉడుమునో ఎలుకనో పట్టుకుని బతికే యానాదికి ఆ అడవే అంగడి, వైద్యశాల, పుట్టిల్లు. తెల్లారేసరికి అతను తన ఇంట్లోనే దొంగ అయ్యాడు. అదే అడవిలోకి తుపాకీ, అనుమతి చీటీ పట్టుకుని వచ్చినవాడు మాత్రం షికారీ దొర. దొర ముందు దారి చూపిస్తూ, పాదముద్రలు చదివి పెడుతూ నడిచినవాడు చాలాసార్లు ఆ 'దొంగే'. వేట పుస్తకాల అట్టల మీద అతని పేరు ఉండదు.

రేణిగుంట నుంచి కోడూరు పోయే రైలుదారిలో మామండూరు అనే చిన్న స్టేషను ఉంది. దగ్గర్లోనే తెల్లదొరల నాటి అటవీ బంగళా, చుట్టూ ఎర్రచందనం అడవి. బెంగళూరువాసి కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) ఆ చుట్టుపక్కల తిరిగి, మామండూరు నరమాంస భక్షక పులి గురించి రాశాడు. భాకరాపేట వైపున్న చామల లోయ కూడా ఆయన కథల్లో వస్తుంది. ఆయన రాతల్లో నాకు నచ్చేది కాల్పులు కాదు. వాగు ఒడ్డున రాత్రంతా మేలుకుని కూర్చున్నప్పుడు వినిపించే చప్పుళ్లను ఆయన వినిపించిన తీరు నచ్చుతుంది. ఆ పుస్తకాలు చదివితే, ఈ కొండల్లో పులి అంటే పుస్తకంలో బొమ్మ కాదనీ, సంతకు పోయేవాడు దారిలో లెక్కలోకి తీసుకోవలసిన ప్రాణి అనీ తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. ఈ భాగం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది నిజానికి అదే. 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన రాసిన చిన్న కథనం ఒకటి అచ్చయింది. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందన్నది దాని సారాంశం. మనం రోజూ వార్తల్లో చదివే చిరుతపులి కాదు, చీతా. సన్నటి నడుము, పొడవాటి కాళ్లు, కంటి కొస నుంచి మూతి దాకా కన్నీటి చారల్లాంటి నల్లగీతలు ఉండే జంతువు. పాత తెలుగులో సివంగి అన్న మాట దానికి కూడా చెల్లేది. రాజులు దాన్ని పట్టి మచ్చిక చేసి, కళ్లకు గంతలు కట్టి, జింక కనిపించినప్పుడు గంత విప్పి వదిలేవారు. మధ్య భారతంలోని కొరియా సంస్థానం రాజు 1947 ప్రాంతంలో మూడు చీతాలను కాల్చాడు. దేశంలో చీతా కథ అక్కడితో ముగిసిందని చాలామంది చెబుతారు. కానీ ఆ తర్వాత కూడా దేశంలో చీతాను చూశామన్న చివరి నమోదుల్లో మన చిత్తూరు పేరు ఉంది. అదే 1952లో భారతదేశంలో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది.

ఇది తెలిసిన రోజు నేను పీలేరు దారిలో బస్సులో ఉన్నాను. కిటికీలోంచి కనిపిస్తున్న చిట్టడవి, బండలు, గడ్డి మైదానాలు నాకు ఒక్కసారిగా వేరేగా కనిపించాయి. దేశంలో కడసారి పరిగెత్తిన చీతాల్లో ఒకదాని అడుగులు ఈ జిల్లా మట్టి మీద పడ్డాయి. మా అవ్వ కాలంలో జరిగిన సంగతి ఇది. మా బడిలో ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ నేలను ఇంకో రకంగా ప్రేమించేవాళ్లమేమో.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారు తుపాకులు గోడలకెక్కాయి. 1985లో ఈ కొండలు శ్రీ వేంకటేశ్వర అభయారణ్యం అయ్యాయి, 1989లో అందులో 353 చదరపు కిలోమీటర్ల మేర జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో చిత్తూరు, కడప జిల్లాల్లో 4,755 చదరపు కిలోమీటర్లు కలిపి శేషాచలం జీవావరణ మండలం ఏర్పడింది. రాష్ట్రంలో అదే మొదటిది. ఈ వరుసలో 1987 సెప్టెంబరు 29న కొండ పాదం దగ్గర జూపార్కు మొదలైంది.

అంతకుముందు మనవాళ్లకు జూ అంటే మద్రాసే. సెంట్రల్ స్టేషనులో దిగి, మూర్ మార్కెట్ పక్కనున్న జూకు పోయేవారు. 1855లో ఎడ్వర్డ్ బాల్ఫర్ ఎగ్మూరు మ్యూజియంలో మొదలుపెట్టిన జంతుశాల తర్వాత అక్కడికి మారింది. మా అవ్వ మ్యూజియాన్ని 'చచ్చిన కాలేజీ' అనీ, జూను 'బతికిన కాలేజీ' అనీ అనేది. మద్రాసు చూసొచ్చిన పల్లె జనమంతా అలాగే అనేవారు. బతికిన కాలేజీలో పులి నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి తిరుగుతుండేదట. "కమ్మీల్లో దాని మొకం జూస్తే అన్నం సయించలే" అని చెప్పేది. 1985లో ఆ జూ వండలూరు అడవికి తరలిపోయింది. రెండేళ్లకు తిరుపతిలో జూ వచ్చింది. జంతువులను ఊరి మధ్య కమ్మీల్లో పెట్టడం మాని, అడవిలోనే చోటిచ్చి కందకాల అవతలి నుంచి చూడాలన్న ఆలోచన బలపడిన కాలం అది.

తిరుపతి జూకు దక్కిన నేల 5,532 ఎకరాలు. హైదరాబాదు నెహ్రూ జూపార్కు 380 ఎకరాలు. విస్తీర్ణంలో ఆసియాలోనే పెద్ద జూల్లో ఇదొకటని చెప్పుకోవడం అందుకే. అయితే మనం టికెట్టు కొనుక్కుని తిరిగి చూసేది అందులో కొంత మేరే. మిగిలింది అడవి. నా దృష్టిలో ఈ జూ విలువంతా ఆ మిగిలిన దాంట్లోనే ఉంది. సింహాన్ని ఏ ఊళ్లోనైనా చూపించవచ్చు. సింహం వెనక కొండ, కొండ మీద ఎర్రచందనం, తెల్లకరక, తంబజాలారి, రాతి సందుల్లో పేరిత చెట్టు ఎన్ని ఊళ్లలో చూపించగలరు? పేరిత ఈ కొండల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1870లో బెడ్డోమ్ అనే దొర ఈ కొండల నుంచే లోకానికి పరిచయం చేసిన బంగారు బల్లి ఇప్పటికీ ఇక్కడి రాతి చీలికల్లో ఉంది. దేవాంగపిల్లి రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా పాకుతుంది. టికెట్టు చూపించని జంతువులివన్నీ.

పొద్దున్నే పోతే ఈ జూ అందం వేరు. మంచు విడవకముందు కొండ సగమే కనిపిస్తుంది. నెమళ్లు ఎన్‌క్లోజరు లోపలివో, బయటివో చెప్పలేం. కంచె ఇవతల ఒకటి పిలిస్తే అవతల నుంచి ఇంకోటి బదులిస్తుంది. పోయిన చలికాలం నేను చుక్కల దుప్పుల దగ్గర నిలబడి ఉన్నాను. ఎక్కడో సింహం గర్జించింది. దుప్పులన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి, చెవులు అటే తిరిగాయి. కంచెలో పుట్టి పెరిగిన దుప్పులవి. సింహం నోటికి చిక్కిన దుప్పిని వాటిలో ఏదీ చూసి ఉండదు. అయినా ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం దగ్గర నుంచి చూశాను. కాసేపటికి ఒకటి తల దించింది, తర్వాత మిగతావీ మేతలో పడ్డాయి.

ఆ గర్జించిన సింహాల కథ కూడా చెప్పుకోదగ్గదే. 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కసుల్లో సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతులతో ఆటలు ఆడించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మరి ఆ జంతువులు ఎక్కడికి పోవాలి? వాటి కోసం దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు తెరిచారు. మన రాష్ట్రంలో విశాఖపట్నం ఒకటి, తిరుపతి ఒకటి. ఊరూరా గుడారాల్లో నిప్పు చక్రాల్లోంచి దూకినవి, లారీ బోన్లలో బతుకంతా వెళ్లదీసినవి శేషాచలం కిందికి చేరాయి. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసిన సంకరాలు. అందుకని వాటికి పిల్లలు కలగకుండా చూశారు. పెంచడానికి కాదు, నెమ్మదిగా ముసలితనం వెళ్లదీసుకోవడానికే వాటిని తెచ్చారు. వేటకు పుట్టిన జంతువు జీవితంలో ఒక్కసారీ వేటాడకుండా, మనిషి పెట్టిన మాంసం తిని ఈ వేటగాడి కొండ కింద కన్ను మూసింది. నాకు ఈ జూలో అన్నిటికంటే గౌరవించాలనిపించే పని ఇదే. ఆదాయం రాదు, బోర్డు మీద ఊరించే పేరు ఉండదు. అయినా రోజూ తిండి పెట్టి, గాయాలు కడిగి, చివరిదాకా చూశారు.

ఏనుగుల సంగతి ఈ భాగంలో పట్టదు. రెండు వందల ఏళ్లు చిత్తూరు అడవుల్లో కనిపించని ఏనుగులు 1980లలో తమిళ, కన్నడ సీమల నుంచి తమంతట తామే నడిచొచ్చాయి. వాటి కోసం 1990లో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. దాని గురించి వచ్చే వారం.

చిరుతల మాట మాత్రం ఇప్పుడే చెప్పాలి. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసివాణ్ణి పట్టుకుపోయింది, బిడ్డ అదృష్టవశాత్తూ బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప బతకలేదు. ఆ వార్త విన్న రాత్రి తిరుపతిలో ఎన్నో ఇళ్లలో అన్నం ముట్టలేదు. అడవిలో బోన్లు పెట్టారు. ఒకదాని తర్వాత ఒకటిగా చిక్కిన చిరుతలను ఈ జూకే తెచ్చారు. పిల్లలను మధ్యాహ్నం దాటాక నడకదారిలో పోనివ్వలేదు. నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు. వాటి గురించి నానా మాటలూ వచ్చాయి. నాకు మాత్రం ఆ కర్ర పట్టుకున్నప్పుడు నవ్వు రాలేదు.

ఆ సెప్టెంబరులో నేను గుంపుతో కలిసి కొండెక్కాను. మాతో కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటుంది. ముసలమ్మ, ఇద్దరు కోడళ్లు, చంకలో పిల్లవాడు. గాలిగోపురం దాటి చాలా దూరం నడిచాం. ఎడమ పక్క చెట్ల మీద కొండముచ్చు గట్టిగా దగ్గినట్టు అరిచింది. అందరం ఆగిపోయాం. పొద కదిలింది. పది పదిహేను కర్రలు ఒక్కసారిగా పైకి లేచాయి, నాదీ లేచింది. చిన్న కోడలు పిల్లవాణ్ణి గుండెకు అదుముకుంది. పొదలోంచి దుప్పి బయటికొచ్చింది. మా కర్రల వంక, మా వంక చూసింది. ముసలమ్మ తన కర్ర కిందికి దించి, "పోనీయండ్రా, తల్లి మాదిరుంది" అంది. దుప్పి మెట్లు దాటి అవతల అడవిలోకి పోయింది. దాని వెనకే మచ్చలు తెల్లగా మెరుస్తున్న చిన్న పిల్ల ఒకటి గంతులేసుకుంటూ పోయింది.